లోపలున్న మనిషి, బయటున్న ఇల్లు

(పారా లీగల్ వాలంటీర్లకు, సోషల్ వర్క్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అక్కడక్కడా సరిదిద్దిన పాఠం.)

అందరికీ నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం “విడుదలైన ఖైదీల పునరావాసం”. అంశం మంచిదే గానీ నాకు దానితో చిన్న పేచీ ఉంది. పునరావాసం అనగానే జైలు గేటు తెరుచుకోవడం, ఒకాయన చేతిసంచీతో బయటికి రావడం, అక్కడి నుంచి మన పని మొదలవడం కళ్ళ ముందుకొస్తాయి. ఆ మనిషి వెళ్ళాల్సిన ఇల్లు ఒకటుంది కదా, ఇన్నేళ్ళూ దాని సంగతేమిటి? ఇల్లు చితికిపోయాక అతనికి ఎంత కౌన్సెలింగ్ చేసినా, ఎంత పని నేర్పినా నిలబడటానికి చోటుండదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే: ఈ పని అరెస్టయిన వారంలోనే మొదలవ్వాలి. మొదలయ్యేది ఇంటి దగ్గరవ్వాలి.

ముందు ఒక లెక్క. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళు 5,73,220 మంది. అందులో విచారణ ఖైదీలు 4,34,302 మంది. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా కేసు తేలలేదు, శిక్ష పడలేదు. వాళ్ళలో రేపు నిర్దోషులుగా బయటికొచ్చేవాళ్ళూ ఉంటారు. ఊళ్ళో ఈ తేడా ఎవరికీ పట్టదు. “లోపలికెళ్ళొచ్చాడట” అన్న ఒక్క మాటతో అయిపోతుంది. మూడు నెలలు రిమాండ్‌లో ఉండి వచ్చినవాడికీ, జీవితఖైదు అనుభవించి వచ్చినవాడికీ రచ్చబండ దగ్గర పడే పేరు ఒకటే. మనం మాజీ ఖైదీలు అన్నప్పుడు ఈ రిమాండ్ మనుషుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పునరావాసం గురించి రాసే కాగితాలు ఎక్కువగా శిక్షపడ్డవాళ్ళ గురించే మాట్లాడతాయి.

అరెస్టయిన వారంలో ఇంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. అతని కూలి ఆగింది. భార్య స్టేషన్‌కీ, కోర్టుకీ, వకీలు ఆఫీసుకీ తిరుగుతుంది కాబట్టి ఆమె కూలీ ఆగింది. కమ్మలు తాకట్టుకు వెళ్ళాయి. ఇంటి ఓనరు ఏమీ అనడు, అద్దె మాత్రం నెల తిరగకముందే అడుగుతాడు. అన్నిటికంటే పెద్ద దెబ్బ డ్వాక్రా సంఘంలో తగులుతుంది. ఈ నెల కిస్తీ కట్టలేదు, మీటింగుకి రాలేదు, వచ్చే నెలా రాలేదు. మిగతా ఆడవాళ్ళు “నీ వాటా మేమెందుకు కట్టాలి” అంటారు. వాళ్ళని తప్పు పట్టలేను, వాళ్ళూ రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్ళే. కానీ ఆమెకు తక్కువ వడ్డీకి అప్పు పుట్టే చోటు ఆ ఒక్కటే. అది మూసుకుపోతే వందకు ఐదు, పది రూపాయల వడ్డీకి వెళ్ళాల్సిందే. రెండేళ్ళ తర్వాత ఇంటికొచ్చిన మనిషికి ముందు ఎదురయ్యేది ఆ అప్పు. మళ్ళీ నేరంలోకి వెళ్ళడానికి చెడు స్నేహాలే కారణమని అందరూ అంటారు. నేను చూసినంతలో స్నేహాల కంటే అప్పే ఎక్కువమందిని వెనక్కి లాగింది.

ఇక్కడ మీరు చేయగలిగింది చాలా ఉంది, దానికి బడ్జెట్ అక్కర్లేదు. ఆమెతో పాటు సంఘం లీడరు దగ్గరికి వెళ్ళండి. డ్వాక్రా సంఘాల్ని చూసుకునే ఐకేపీ సీసీతో, బ్యాంకు వాళ్ళతో మాట్లాడండి. కిస్తీని చిన్న ముక్కలు చేసి కట్టేలా ఒప్పించండి. ఒక మనిషి వెంట నిలబడి అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. ఆమె ఒక్కతే వెళ్ళి అడగలేదు, ఎందుకంటే అడగాలంటే ముందు “మా ఆయన జైల్లో ఉన్నాడు” అని చెప్పాలి.

ఇక వకీలు సంగతి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దక్కుతుంది. ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ అంతే. కాబట్టి అతనికీ హక్కుంది, భార్యకీ విడిగా హక్కుంది. అత్తింటివాళ్ళు ఇంట్లోంచి వెళ్ళగొడితే, పొలం వాటా ఎగ్గొడితే ఆమె తరఫున కూడా వకీలు వస్తాడు. ఈ రెండో మాట చాలామందికి తెలియదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళలేకపోతే 15100కి ఫోన్ చేయొచ్చు. “ఫ్రీ వకీలా? అతనేం చూస్తాడు లెండి” అనే మాట మీరు రోజూ వింటారు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, దాన్ని కొట్టిపారేయకండి. కాకపోతే ఇప్పుడు చాలా జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అని, ఈ కేసులే చూసుకోవడానికి పూర్తికాలం పెట్టుకున్న వకీళ్ళు ఉన్నారు. అది చెప్పండి, వాయిదా తేదీ కాగితం మీద రాసి ఇవ్వండి. వాయిదా ఎప్పుడో తెలియకపోవడం కంటే పెద్ద టెన్షన్ ఆ ఇంట్లో ఇంకొకటి ఉండదు.

బెయిల్ వచ్చాక కూడా బయటికి రాలేనివాళ్ళు ఉంటారు. జడ్జిగారు బెయిల్ ఇచ్చారు, ఇద్దరు ష్యూరిటీలు, అంటే హామీ ఉండేవాళ్ళు, కావాలన్నారు. ఎవరైనా ఇంటి పన్ను రశీదో, పట్టాదారు పాస్‌పుస్తకమో పట్టుకుని కోర్టుకి రావాలి. ఎవరొస్తారు? సొంత అన్నదమ్ములే రారు. సుప్రీంకోర్టు 2023 జనవరిలో దీని మీద కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిల్ ఉత్తర్వు వచ్చిన ఏడు రోజుల్లోగా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. మొదలైనప్పటి పరిమితి ప్రకారం విచారణ ఖైదీ బెయిల్ మొత్తానికి 40,000 రూపాయల దాకా, శిక్షపడ్డవాళ్ళ జరిమానాకి 25,000 దాకా ఇస్తారు. అవినీతి, మత్తుమందులు, ఉపా (ఉగ్రవాదం లాంటి వాటికి పెట్టే చట్టం), మనీ లాండరింగ్ లాంటి కేసులకి వర్తించదు. జిల్లాలో కలెక్టర్, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు అధికారి, ఒక న్యాయాధికారి ఉన్న కమిటీ పరిశీలిస్తుంది. డబ్బు నడిచి ఖైదీ దగ్గరికి రాదు, ఎవరో ఒకరు ఫైలు కదపాలి. ఆ ఎవరో ఒకరు మీరే కావచ్చు.

ఇంకోటి. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ కేసులోనూ శిక్షపడని మనిషి, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద విడుదల చేయాలి. మిగతావాళ్ళకి సగం కాలం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి ఇది లేదు. ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తున్నవాళ్ళకీ చిక్కే. జైలుకి వెళ్ళే వాలంటీర్లు అరెస్టు తేదీలు ఒక నోట్‌బుక్కులో రాసుకుంటే ఈ మూడో వంతు లెక్క ఇట్టే తేలుతుంది.

సరే, మళ్ళీ ఇంటికి వద్దాం.

భర్త జైల్లో ఉన్న ఆడమనిషి ఏ కాలమ్‌లోకీ రాదు. వితంతువు కాదు, వితంతు పెన్షన్ రాదు. భర్త వదిలేసినావిడ కాదు, ఒంటరి మహిళ లెక్కలోనూ మామూలుగా ఇమడదు. భర్త ఉన్నాడు, కానీ లేడు. దరఖాస్తు రాసేవాడు “భర్త వృత్తి” దగ్గర పెన్ను ఆపి ఆమె మొహంలోకి చూస్తాడు. పిల్లల విషయంలో కొంచెం దారి ఉంది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. పిల్లలు హాస్టలుకో, హోముకో పోకుండా ఇంట్లోనే పెరగాలన్నది దాని ఉద్దేశం. ఇవ్వాలా వద్దా అన్నది జిల్లా కమిటీ నిర్ణయిస్తుంది, ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్ళి తండ్రి కేసు కాగితాలతో సహా దరఖాస్తు పెట్టించండి. మొదటిసారి “ఇది మా పరిధిలోకి రాదు” అంటే లిఖితపూర్వకంగా ఇవ్వమని అడగండి. అలా అడిగాక పరిధి కాస్త పెద్దదవుతుంది. (నవ్వులు)

బడి. “మీ నాన్న ఏం చేస్తాడు” అని టీచర్ అడుగుతారు, మామూలుగానే అడుగుతారు. పిల్లాడు దుబాయ్‌లో ఉన్నాడనో, లారీ డ్రైవరనో చెబుతాడు. ఆ అబద్ధం తల్లే నేర్పి ఉంటుంది. మీరు దాన్ని సరిచేయబోకండి. టీచర్‌తో విడిగా, పిల్లాడికి తెలియకుండా ఒక మాట చెప్పి ఉంచండి. ఎప్పుడైనా తోటిపిల్లలకి తెలిసి ఏడిపిస్తే ఆ టీచర్ అడ్డు నిలబడతారు. నేను మాట్లాడిన టీచర్లలో చాలామంది నిలబడ్డారు.

ములాఖత్, అంటే ఇంటివాళ్ళు జైలుకొచ్చి ఖైదీని కలవడం, దాని గురించి చెప్పకుండా ఉండలేను. కుటుంబం, ఖైదీ మధ్య తాడు తెగకుండా పట్టుకునేది అదొక్కటే. కానీ ములాఖత్ అంటే బస్సు చార్జీలు, ఒక రోజు కూలి, సంచిలో పండ్లు, సోదాలు, పిల్లల్ని ఎవరికో అప్పగించడం. రాయలసీమ నుంచో, ఉత్తరాంధ్ర కొండల్లోంచో సెంట్రల్ జైలుకి రావాలంటే రాత్రంతా ప్రయాణం. మొదటి ఏడాది నెలకోసారి వచ్చేవాళ్ళు మూడో ఏడాదికి పండగలకి వస్తారు. ఐదో ఏడాదికి ఉత్తరం కూడా రాదు. అప్పుడు లోపల మనిషి “నన్ను వదిలేశారు” అనుకుంటాడు, బయట ఇల్లు “వాడికి మా కష్టం తెలియదు” అనుకుంటుంది. వీడియోలో మాట్లాడే ఈ-ములాఖత్ ఇప్పుడు ఉంది, వెబ్‌సైటులో ముందే పేరు నమోదు చేసుకోవాలి. నమోదు చేయడానికి స్మార్ట్‌ఫోన్, ఆధార్, ఓపిక కావాలి. మూడూ మీ దగ్గర ఉన్నాయి.

ఖైదీ ఆడమనిషి అయితే ఈ కథ తిరగబడుతుంది. మగవాడు లోపలుంటే తల్లో, భార్యో వస్తుంది. ఆడమనిషి లోపలుంటే భర్త రావడం అరుదు. చాలామందికి పుట్టింటివాళ్ళు కూడా రారు. చిన్నపిల్లలు తల్లితోనే జైల్లో ఉండటం మీద సుప్రీంకోర్టు 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో వివరంగా మార్గదర్శకాలు ఇచ్చింది. మన రాష్ట్రం పేరుతోనే దేశమంతా ఆ తీర్పును చెప్పుకుంటుంది. ఆరేళ్ళు నిండేదాకా పిల్లలు తల్లితో ఉండొచ్చు. వాళ్ళకి విడిగా తిండి, వైద్యం, ఆటపాటలు, చదువు ఉండాలి. జైల్లో పుట్టిన బిడ్డ పుట్టిన ధ్రువపత్రంలో జైలు పేరు ఉండకూడదు. ఆరేళ్ళు నిండాక? అక్కడ మన పని మొదలవుతుంది. ఆ బిడ్డని మేనమామ ఇంటికి పంపుతారా, హోముకి పంపుతారా, తల్లిని చూపించడానికి ఎవరు తీసుకొస్తారు? ఇవి ఆ బిడ్డకి ఐదేళ్ళున్నప్పుడే తేల్చుకోవాలి. ఇక ఆ తల్లి విడుదలయ్యాక వెళ్ళడానికి ఇల్లే ఉండకపోవచ్చు. స్వధార్ గృహాలు ఉండేవి, ఇప్పుడు శక్తి సదన్ అంటున్నారు. ఎవరూ లేని మహిళా ఖైదీలకి విడుదలయ్యాక అక్కడ చోటు అడగొచ్చు. మగవాళ్ళకి అలాంటిది దాదాపు లేదు. వాళ్ళు బస్టాండులో పడుకుంటారు.

లోపల జరిగే పని గురించి కూడా కొంచెం. మనవాళ్ళు ఈ విషయంలో వెనకబడి ఏమీ లేరు. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో 1954లోనే మౌలాలిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం మొదలైంది, 1965లో అనంతపురంలో ఇంకొకటి. గోడలు లేకుండా పొలం పనులు చేయించే ఓపెన్ ఎయిర్ జైళ్ళు అవి. తెలంగాణలో జైళ్ళశాఖ “మై నేషన్” పేరుతో సరుకులు అమ్ముతోంది, చంచల్‌గూడతో మొదలుపెట్టి పెట్రోల్ బంకులు నడుపుతోంది. ఖైదీలతో పాటు విడుదలైనవాళ్ళకీ వాటిలో పని దొరికింది. ఆంధ్రలోనూ జైళ్ళశాఖ బంకులున్నాయి. కొందరు వీటిని చూసి ముచ్చటపడతారు, కొందరు ఎగతాళి చేస్తారు. నా మటుకు నాకు అది మంచి పనే. జీతం చేతికొస్తుంది, రోజూ డబ్బు లెక్కపెట్టే చోట నమ్మి నిలబెట్టారన్న ధైర్యం వస్తుంది. దీనికో హద్దు కూడా ఉంది. బంకు ఉండేది జైలు పక్కన, నగరంలో. ఆసిఫాబాద్ దగ్గర తండాలో భార్యాపిల్లలున్న మనిషి ఇక్కడ పెట్రోలు కొడుతూ ఉంటే అది మళ్ళీ ఇంటికి దూరంగా ఉండటమే కదా. అతనికి కావలసింది మండలంలో ఒక పని, ఉపాధిహామీ జాబ్‌కార్డులో తిరిగి తన పేరు.

విడుదలకు ముందు చేయాల్సిన పనులు చిన్నవి. చిన్నవి కాబట్టే ఎవరూ చేయరు. ఆధార్ ఉందా, ఫోన్ నంబరు మారిందా, బ్యాంకు ఖాతా బతికే ఉందా, రేషన్ కార్డులో పేరు ఉందా పోయిందా? టీబీ మందులో, బీపీ మాత్రలో, మానసిక వైద్యమో నడుస్తుంటే ఆ చీటీలు చేతికిచ్చి పంపుతున్నారా? టీబీ మందులు మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. నిద్ర పట్టకపోవడం, జనంలోకి వెళ్ళాలంటే భయం, ఇవి విడుదలైనవాళ్ళలో చాలామందికి ఉంటాయి. 14416 టెలీ మానస్ నంబరు తెలుగులోనే మాట్లాడుతుంది, రాసి ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం, గేటు దగ్గరికి ఎవరొస్తున్నారు? ఇంటివాళ్ళు రాకపోతే పాత స్నేహితులు బైకులేసుకుని వస్తారు, నేరుగా వైన్ షాపుకి తీసుకెళ్తారు. ఆ ఒక్క సాయంత్రం చాలా ఇళ్ళు ముంచింది.

ఈ పనులకి ప్రొబేషన్ అధికారి అని ఒకరున్నారు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం మనదేశంలో తక్కువగా వాడుకున్న మంచి చట్టాల్లో ఒకటి. చిన్న నేరాల్లో జైలుకి పంపకుండా మంచి నడవడిక బాండు మీద ఇంటికి పంపొచ్చు. ఆ విధంగా వదిలినవాళ్ళకి శిక్షపడిందన్న కారణంగా వచ్చే అనర్హత ఉండదని 12వ సెక్షన్ చెబుతుంది. ఉద్యోగాలకి ఇది ఎంత పెద్ద తేడానో ఆలోచించండి. కానీ వకీలు అడగాలి కదా. అడగని వకీళ్ళు ఈ హాల్లో కూడా ఉండొచ్చు, నేనేమీ అనను. (నవ్వులు) జైళ్ళ సంస్కరణల మీద వేసిన జస్టిస్ ముల్లా కమిటీ 1983లో ఇచ్చిన నివేదికలోనే విడుదల తర్వాతి సంరక్షణ జైళ్ళ పనిలో భాగం కావాలని చెప్పింది. 2016 నమూనా జైలు మాన్యువల్ చెప్పింది, 2023 నమూనా జైళ్ళ చట్టం మళ్ళీ చెప్పింది. జైళ్ళు రాష్ట్రాల చేతిలోని అంశం. ఢిల్లీలో రాసిన నమూనా ఇక్కడి జీవోగా మారి, జీవోకి డబ్బు వచ్చి, ఆ డబ్బుతో ఒక మనిషిని నియమిస్తే తప్ప అది కాగితమే.

ఇప్పుడు మన పక్కనే జరిగిన ఒక పెద్ద ప్రయత్నం చెబుతాను. బాపట్ల, చీరాల మధ్య ఉన్న స్టూవర్టుపురం మీ అందరికీ తెలుసు. బ్రిటిష్‌వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాలను జాబితాలో పెట్టారు. అందులో ఎరుకలవాళ్ళని తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి, ఇక్కడ సెటిల్‌మెంట్ పెట్టారు. ప్రభుత్వ పెద్దల్లో ఒకడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఆ ఊరికి పెట్టారు. హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1952లో చట్టం రద్దయింది. మచ్చ రద్దవలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు అక్కడికి వెళ్ళేవాళ్ళు పోలీసులు. ఊరి పేరు చెబితే పని దొరకదు, పెళ్ళి సంబంధం కుదరదు. నేరం చేసినవాడికీ అదే, జన్మలో ఒక్క నేరం చేయనివాడికీ అదే.

1970లలో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణంగారు, హేమలతగారు అక్కడ పని మొదలుపెట్టారు. లవణం ఆ కేంద్రం పెట్టిన గోరాగారి కొడుకు, హేమలత కవి జాషువాగారి కూతురు. అంటరానితనం ఎలా ఉంటుందో పుస్తకాల్లో చదివి తెలుసుకున్న మనిషి కాదు ఆవిడ. అప్పటి వెంగళరావు ప్రభుత్వం సహకరించింది. వాళ్ళు చేసిన పనిలో నాకు నచ్చింది, నేరం చేసినవాణ్ణి ఒక్కణ్ణే పట్టుకుని నీతులు చెప్పకపోవడం. ఇళ్ళలోకి వెళ్ళారు, ఆడవాళ్ళతో కూర్చున్నారు, పిల్లల చదువు పట్టించుకున్నారు, జైల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడారు, ఇటు పోలీసులతోనూ మాట్లాడారు. ఈ నాలుగువైపులా ఒకేసారి పట్టుకుంటే గానీ ముడి విడదు. అన్నీ సఫలమయ్యాయని నేననను. అక్కడివాళ్ళని అడిగితే ఇవాళ్టికీ అనుమానపు చూపు పూర్తిగా పోలేదంటారు. కానీ పునరావాసం గురించి తెలుగు నేల మీద చదువుకోవాలంటే మొదటి పాఠం అదేనని నా నమ్మకం. ఖైదీలను కులం పేరుతో వేరు చేసే జైలు మాన్యువల్ నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2024 అక్టోబరులో. మొన్నే. చట్టం రద్దయి డెబ్బై ఏళ్ళు దాటాక.

పోలీసుల మాట వచ్చింది కాబట్టి. కండిషన్ బెయిల్ మీద వచ్చినవాడు వారం వారం స్టేషన్‌లో సంతకం పెట్టాలి. అది కోర్టు ఆదేశం, పాటించాల్సిందే. కానీ ఆదివారం పొద్దున్న పదింటికి వెళ్ళినవాణ్ణి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెడితే వాడి కూలి పోయినట్టే. ఎస్సైగారితో ముందే మాట్లాడి సమయం ఖరారు చేసుకోండి. మర్యాదగా అడిగితే వినేవాళ్ళు చాలామంది ఉన్నారు. రౌడీషీటు, సస్పెక్ట్ షీటు, ఎన్నికలప్పుడు గొడవ చేయనని ముందే రాయించుకునే బైండోవర్, ఇవి ఇంకో రకం. షీటు కొనసాగించడానికి కారణం ఉండాలి, ఎప్పటికప్పుడు సమీక్షించాలి. ఏళ్ళ తరబడి ఏ కేసూ లేకుండా బతుకుతున్న మనిషి తరఫున షీటు మూసేయమని దరఖాస్తు పెట్టండి.

ఉద్యోగం దగ్గర యువకులు ఎక్కువగా పడిపోయే గుంట ఒకటుంది. అప్లికేషన్‌లో “మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా” అని అడుగుతారు. భయంతో “లేదు” అని రాస్తారు. తర్వాత బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది, కేసు కంటే అబద్ధమే పెద్దదవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చర్చించింది. నిజం చెప్పినా యజమాని పరిశీలించి నిరాకరించవచ్చు, కానీ చిన్నతనంలో జరిగిన చిల్లర కేసులను చూసీ చూడనట్టు వదలవచ్చు. అడిగిన ప్రశ్నకి నిజం రాయమనే చెప్పండి, అడగనిది చెప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళలోపు జరిగినదైతే బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ఇంకా బలంగా కాపాడుతుంది. 16 దాటాక ఘోరమైన నేరం చేసి, పెద్దవాళ్ళలాగే విచారణ ఎదుర్కొన్నవాళ్ళకి తప్ప, ఆ రికార్డు ఒక గడువు తర్వాత తీసేయాలి.

ఓటు గురించి తరచూ అడుగుతారు. జైల్లో ఉన్నంతకాలం వేయకూడదు. బయటికొచ్చాక అందరిలాగే వేయొచ్చు, బెయిల్ మీద ఉన్నా సరే. ఒకాయన ఇరవై ఏళ్ళ తర్వాత ఓటరు చీటీ పట్టుకుని నా దగ్గరికొచ్చి “నిజంగా వెయ్యొచ్చా సార్, పట్టుకోరు కదా” అని అడిగాడు.

ఇందాక వెనక వరసలోంచి ఒక అమ్మాయి చీటీ పంపింది. “చంపినవాడి ఇంటికి ఇంత చేస్తున్నారు, చనిపోయినవాడి ఇంటికి ఏం చేస్తున్నారు?” అని. అడగాల్సిన ప్రశ్నే అమ్మా. బాధితుల పరిహార పథకం ఉంది, అది కూడా అదే న్యాయసేవాధికార సంస్థలో అడగాలి. ఖైదీల కూలిలో కొంత బాధితుల కోసం పక్కనపెట్టేలా చట్టం తేవాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. ఒకే తలుపు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడటం నేను చూశాను, ఒకరి భర్త చనిపోయాడు, ఇంకొకరి భర్త అందుకు లోపలున్నాడు. ఇద్దరికీ పిల్లలున్నారు. మీరు ఎవరికి సాయం చేస్తారని నన్నడిగితే, ఇద్దరికీ. కానీ ఇద్దరినీ ఒకేరోజు పిలవకండి, ఒకే వాలంటీరుకి అప్పగించకండి. ఇది పుస్తకాల్లో ఉండదు.

గల్ఫ్ గురించి ఒక్క మాట. సిరిసిల్ల ప్రాంతం నుంచి వెళ్ళిన అయిదుగురు ఒక హత్య కేసులో దుబాయ్ జైల్లో పద్దెనిమిదేళ్ళ దాకా ఉండి ఈ మధ్యనే ఇళ్ళకి చేరారు. పిల్లలు పసివాళ్ళుగా ఉన్నప్పుడు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళని ఏమని పిలవాలో, ఎంత చనువుగా ఉండాలో తెలియదు. అంత దూరం ములాఖత్‌కి వెళ్ళలేరు, జైలు ఏ దిక్కున ఉందో ఇంటివాళ్ళకి తెలియదు. అలాంటి కుటుంబాలు మీ మండలంలో ఉంటే కాన్సులేట్‌కి రాయించండి, ఆపదలో ఉన్న భారతీయుల కోసం విదేశాంగశాఖకి ఒక సంక్షేమ నిధి ఉంది. ఇక్కడి ఖైదీ కుటుంబానికి చేసేవన్నీ, డ్వాక్రా కిస్తీ నుంచి బడి దాకా, వాళ్ళకీ చేయండి.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. పని పంచుకుని ముగిద్దాం. జిల్లా జైలు ములాఖత్ గది బయట ఒక బల్ల వేసుకోవడానికి జైలు అధికారుల్ని అనుమతి అడుగుదాం. వారంలో రెండు రోజులు, పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. ఇద్దరు కూర్చోవాలి, వాళ్ళలో ఒకరు తప్పకుండా మహిళ ఉండాలి. పేరు, ఊరు, అరెస్టు తేదీ, వాయిదా తేదీ, పిల్లలెంతమంది, సంఘంలో అప్పెంత, ఈ ఆరూ అడిగి రాసుకోండి. నేరం ఏమిటని అడగకండి, ఆ కాలమ్ పెట్టకండి. రాగలిగినవాళ్ళు వెళ్ళేటప్పుడు అక్కడ మేడమ్ దగ్గర పేరు, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళండి.